వెర్నా విందుకి ఎవరొచ్చారు

అబ్బా, పోస్టర్లు అప్పుడే అచ్చు వేయించేశారా! నన్నొక్క మాట అడగాలనిపించలేదా పాస్టరమ్మ గారూ? కోపం కాదమ్మా. ముందు కూర్చోండి. ఆ కుర్చీలో పిల్లిని తోసెయ్యండి, దిగుతుంది.

మీది మంచి మనసే, కాదనను. మా ఆయన లైల్ గుండెకి ఆపరేషన్ కావాలి, బీమా లేదు, ఊరంతా కలిసి భోజనాలు పెట్టి డబ్బు పోగుచేద్దాం అంటున్నారు. కానీ మీరు ఈ ఊరొచ్చి ఎన్నాళ్ళైందని? ఇక్కడ భోజనాలంటే ఏమిటో మీకెవరూ చెప్పి ఉండరు. నేను చెబుతాను, వినండి.

చర్చిలో మొదటి వరసలో చేతికర్రతో కూర్చుంటాడే, రాయిస్, పెద్ద గొంతాయన. పశువుల సంతలో వేలం వేస్తాడు, ధరల్ని పాటలా పాడుతూ. ఆయన పాట వింటే ఆవుక్కూడా తనకింకో పది డాలర్లు ఎక్కువ పలకాలనిపిస్తుంది. అంత మనిషి.

కిందటి ఆగస్టులో మా మిస్సోరీ అంతటా ఓటు పెట్టారు. మీరప్పుడు అయోవాలో ఉన్నారనుకుంటా. అందరూ ఆరోగ్య బీమా కొనితీరాలని వాషింగ్టన్ వాళ్ళు చట్టం తెచ్చారు గదా. మా రాష్ట్రంలో ఎవర్నీ అలా బలవంతపెట్టకూడదు, కొననివాడికి జరిమానా వెయ్యకూడదు, అవునా కాదా అని అడిగారు. అదీ ఓటు.

రాయిస్ సంతలో ట్రక్కెక్కి నిలబడ్డాడు. "నా ఒళ్ళు నాది, నా జేబు నాది! జబ్బు చేస్తే ఈ ఊరే నాకు బీమా!" అన్నాడు. ఈలలే ఈలలు. నేనూ చప్పట్లు కొట్టాను, దాచడం ఎందుకు? బోర్లు వేసుకుని బతికేవాడు మా ఆయన. ఒక నెల పనుంటే రెండు నెలలు ఉండదు. నెలనెలా బీమా ఎక్కణ్ణుంచి కడతాం? కట్టకపోతే జరిమానా అంటే ఒళ్ళు మండదూ?

మా ఊళ్ళో పైకి కాదన్నది ఒక్క వెర్నాయే. మా పక్కింట్లో ఉండేది, బట్టలు కుట్టేది. ఏం మనిషనుకున్నారు! కుక్క మొరిగితే షెరీఫ్‌కి ఫోను. పిల్లల బంతి పూలమడిలో పడితే ఆ బంతి మరి తిరిగి రాదు. బడి ముందు బోర్డు మీద అక్షరం తప్పుంటే లోపలికెళ్ళి ప్రిన్సిపాల్ని కడిగేసి వచ్చేది. ఊళ్ళో ఆవిడతో గొడవపడనివాడు లేడు.

లైబ్రరీలో మీటింగు పెడితే లేచి నిలబడింది. "నాకు బీమా కొనుక్కోవాలనే ఉంది, నాకెవరూ అమ్మరు. పాత జబ్బుందట. అందరూ కొంటేగాని నాలాంటిదానికి అమ్మరు. అదీ విషయం," అంది. వెనకనుంచి ఎవరో, "అయితే నీ కోసం మేం కట్టాలా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. రాయిస్ వైపు తిరిగి, "ఊరే బీమా అంటున్నావే, ఊరికి నచ్చనివాళ్ళ సంగతేమిటి?" అని అడిగింది. ఏదో జోకేసి కూర్చున్నాడు.

ఓటులో మేమే గెలిచాం. రాష్ట్రం మొత్తం మీద పదిమందిలో ఏడుగురు మావైపే.

ఆకులు రాలే రోజుల్లో సంతలో ఎద్దొకటి రాయిస్‌ని కంచెకేసి నొక్కేసింది. తుంటి నుజ్జునుజ్జయింది. బీమా లేదు మరి. ఫైర్ స్టేషన్ హాల్లో భోజనాలు పెట్టాం. బీన్సూ మాంసమూ వేసి చిల్లీ నేనే వండాను, గంగాళాలకి గంగాళాలు. జనం వాన పడుతున్నా బయట వరస కట్టారు. కేకులు వేలం వేశాం. చక్రాల కుర్చీలో కూర్చుని తన కోసం పెట్టిన వేలం తనే వేశాడు మహానుభావుడు! ఒక్కో కేకుకి దూడ ధర పలికింది. చివర్లో చెయ్యెత్తి, "చూశారా, నేను చెప్పలేదూ?" అన్నాడు. అందరూ లేచి నిలబడి చప్పట్లు. నాకూ కళ్ళు చెమర్చాయి.

క్రిస్మస్ అయ్యాక వెర్నా మూత్రపిండాలు చెడిపోయాయి.

పక్కింటిదాన్నిగదా, చూస్తూ ఊరుకోలేకపోయాను. అదే హాలు, అవే గంగాళాలు. నేనే ఇంటింటికీ తిరిగి చెప్పాను. ఊఁ, వస్తాం వస్తాం అన్నారు.

ఎవరొచ్చారు? లైల్, నేను, అప్పటి పాస్టరు, ఫైర్ స్టేషన్ తాళాలతను. మంచు పడుతోందండీ, రాలేకపోయాం అన్నారు తర్వాత. ఆ సాయంత్రమే బడిలో బాస్కెట్‌బాల్ ఆట. అక్కడ కారు పెట్టడానికి చోటు లేదట!

వెర్నా ఉన్న ఒక్క మంచి కోటూ వేసుకుని వచ్చింది. లిప్‌స్టిక్ రాసుకుంది, ఎప్పుడూ రాసుకునేది కాదు. తలుపు కదిలినప్పుడల్లా చూసేది. గాలే.

అప్పుడు రాయిస్ వచ్చాడు. కర్ర మీద కుంటుకుంటూ. ఖాళీ కుర్చీలు చూశాడు. నేరుగా కేకుల బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడి పాట మొదలుపెట్టాడు. హాలు నిండా జనం ఉన్నట్టే! "ఇరవై, ఇరవై ఎవరు, పాతికెవరు పాతికెవరు..." ఆ గొంతు గోడలకి కొట్టుకుని వెనక్కొస్తోంది. లైల్ ఒక కేకు కొన్నాడు, పాస్టరు ఒకటి. ఇక చేతులు లేవలేదు. మాదగ్గర ఉన్నది అంతే. ఆయన ఆపడే! చెమటలు పట్టేశాయి మనిషికి.

వెర్నా చెయ్యెత్తింది.

తన వైద్యానికి పెట్టిన వేలంలో తనే పాడుకుంది చూడండి. "ముప్ఫై," అంది. "ముందు ఆ కుర్చీలో కూర్చో రాయిస్, పడిపోతావు," అంది. ఆయన కూర్చున్నాడు. ఆ కేకు కోసి మా అందరికీ తలో ముక్కా పెట్టింది. తను తినలేదు, డాక్టరు వద్దన్నాడు.

బయట కార్ల దగ్గర రాయిస్ నా చెయ్యి పట్టుకుని, "ఊరు రాలేదేం నాడీన్?" అని అడిగాడు. నన్నడుగుతాడు!

మార్చిలో పోయింది వెర్నా. ఆ ఆదివారం చర్చిలో, ప్రార్థన విన్నపాలు ఏమైనా ఉన్నాయా అని పాస్టరు అడిగితే లేచాను. "ఉన్నాయి. బాస్కెట్‌బాల్ చూసినవాళ్ళందరి కోసం ప్రార్థించండి," అన్నాను. పేర్లు పెట్టి చదివాను. డార్లీన్, నువ్వు వస్తానన్నావు. హాయిట్, నీ పెళ్ళి కోటు ఎవరు కుట్టారు? అంటూ ఒక్కొక్కర్నీ. లైల్ నా చెయ్యి లాగుతూనే ఉన్నాడు. నేను ఆగలేదు. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను!

ఆ తర్వాతనుంచీ దుకాణంలో నేనొస్తే మాటలాగిపోతాయి. పోతే పోయాయి, నాకేం అనుకున్నాను. జూన్‌లో లైల్ బోరు దగ్గర కూలబడ్డాడు.

ఇప్పుడు చెప్పండి. ఆ హాలుకి ఎవరొస్తారు? లైల్ అంటే అందరికీ ఇష్టమే. కానీ గుమ్మం దగ్గర నిలబడేది నేను గదా?

నిన్న డార్లీన్ ఇంటికెళ్ళాను. మెట్ల మీదే నిలబడి, "వెర్నా సంగతిలో ఏదో నోరు జారాను, మనసులో పెట్టుకోకు," అన్నాను. "పోనీలే నాడీన్, అయినా ఆవిడ ఎలాంటిదో అందరికీ తెలిసిందేగా," అంది.

అవును, తెలిసిందే, అన్నాను నేను. అన్నానమ్మా. నవ్వుతూనే అన్నాను.

శనివారం మన భోజనాలకి వస్తుందట, పిల్లల్ని కూడా తెస్తుందట. అలా చూడకండి. లైల్ బతికున్నాడు, వెర్నా పోయింది. ఇప్పుడు ఆవిడనేమంటే ఆవిడకేం నష్టం?

లేవండి మరి, మీ కార్లో నన్ను హాయిట్ వాళ్ళింటి దగ్గర దింపండి. వాళ్ళు సాయంత్రం భోజనానికి కూర్చునేలోపే ఆ మాట అక్కడా అనేసి రావాలి.