జకర్యా గారి రాజీనామా

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ ఎదురుగా పర్వతాలు చాయ్ బండి దగ్గర ఆ పొద్దున నేనూ, మా పక్కింటి ధర్మరాజూ దొరికిపోయాం. జకర్యా గారు బల్ల చివర కూర్చుని కాళ్లు చాపారు. ఆయన్ని దాటి పోవాలంటే కథ అయిపోవాలి.

"చిన్న సంగతే, వినండి. డెబ్బై రెండులో బాపట్ల నుంచి కొత్తగా వచ్చా. మౌలాలిలో పంకాలు చేసే ఫ్యాక్టరీలో గుమాస్తాని. నాకూ స్టోర్‌కీపరుకీ కిటికీ గురించి తగువు. ఆయన తెరవాలంటాడు, నేను మూయాలంటాను. మేనేజరుది లక్నో. ఇద్దర్నీ పిలిచి, రాజీనామా రాసి తెమ్మన్నాడు. కిటికీ కోసం ఉద్యోగం తీస్తాడా అని నాకు ఒళ్లు మండింది. కొలువు వదులుకుంటున్నానని అక్కడికక్కడే రాసి బల్ల మీద కొట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

తెలుసన్నాడు పర్వతాలు. జకర్యా గారికి వినబడలేదు.

"చదివి మేనేజరు తెల్లబోయాడు. వాళ్ల ఉర్దూలో రాజీనామా అంటే, ఇద్దరూ రాజీపడ్డామని రాసుకునే కాగితమట. రాజీ అరబ్బీ, అంటే సమ్మతి. నామా పారసీ, అంటే పత్రం. మరి మాకు కొలువు వదలడం ఎట్లా అయిందని నిలదీశా. లెక్కల సెక్షన్లో కన్నడాయన్ని పిలిచారు, వాళ్లకీ కొలువు వదలడమే. మరాఠీ టైపిస్టుదీ అదే మాట. ఒక్క మాటకి చోటుకో అర్థం పెట్టుకుని మనుషుల్ని ఎట్లా బతకమంటారని నేను అరిచేసరికి మిషన్లు ఆగిపోయాయి. ఆరొందల మంది బయటికొచ్చారు."

"పోయినసారి నాలుగొందలన్నారు," అన్నాడు ధర్మరాజు విసుగ్గా.

"అప్పుడు రెండో షిఫ్టు లెక్కేయలేదు. ఆరొందల మందీ నా కోసం రాజీనామాలు రాశారు, సగం ఉర్దూవి, సగం తెలుగువి. ఎవరు మానేశారో ఎవరు రాజీపడ్డారో తేలక ఢిల్లీకి ఫోను, ఢిల్లీ నుంచి ఇరాన్‌కి ఫోను. మూడోనాటికి ఇరాన్ పండితుడొకాయన విమానం దిగి, ఏనుగు మీద ఫ్యాక్టరీకొచ్చాడు."

"ఏనుగెందుకు సార్, బేగంపేట కాడ ఆటోలుండె గద," అన్నాడు పర్వతాలు.

"ఆటోలో ఆయన గడ్డం పట్టదు. పూర్వం రైతు తన పొలాన్ని ఇష్టపడే వదిలేస్తున్నానని సర్కారుకి రాసిచ్చే కాగితాన్ని కూడా రాజీనామా అనేవారు, అట్లా మా వైపు వదులుకోవడమనే అర్థం వచ్చింది అని ఆయనకి నేనే చెప్పా. తలపాగా తీసి నా నెత్తిన పెట్టాడు. వాళ్ల నిఘంటువులన్నీ దిద్దించారు. మేనేజరు నా కాగితం చింపేసి, చేతులు పట్టుకుని..."

"ఎవరూ చింపలేదు జకర్యా."

వెనక్కి తిరిగి చూశాం. దేవసహాయం గారు కూరల సంచితో నిలబడి ఉన్నారు. అదే ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరై, ఈ మధ్యే కూతురి దగ్గరికి మా వీధికొచ్చారు.

"నువ్వు రాసింది తెలుగులో. ఆయనకి చదవరాదు. రాజీ కాగితమే అనుకుని, సంతోషంగా సంతకం పెట్టి హెడ్డాఫీసుకి పంపాడు. అక్కడ తెలుగొచ్చినవాళ్లు చదివి నీ పేరు కొట్టేశారు. నువ్వు ఇంట్లో తలుపేసుకుని పడుకున్నావు. మీ ఆవిడ ప్రేమమణమ్మ ఏడో నెల కడుపుతో వచ్చి, మూడు రోజులు మేనేజరు గది బయట కూర్చుంది. మా ఆయనకి మీ మాట తెలీదు, మీకు మా ఆయన రాసింది తెలీదు, నా కడుపులో బిడ్డ చేసిన తప్పేంటని మేనేజర్ని అడిగింది. అప్పుడు మళ్లీ తీసుకున్నారు నిన్ను. ఇంతసేపు చెప్పావు, ఆ అమ్మ పేరే ఎత్తలేదు."

జకర్యా గారు కాళ్లు దగ్గరికి తీసుకున్నారు. దారి దొరికింది గానీ మేం లేవలేదు.

"ఏడు కాదు దేవసహాయం," అన్నారు. "ఎనిమిదో నెల. మూడు రోజులూ నేరేడ్‌మెట్‌లో మా ఇంటి నుంచి నడిచే వెళ్లింది."