రెండు వందల పన్నెండు ఉత్తరాలు రాసిన ప్యో గుమ్సున్ గారికి

1991 మార్చి 4వ తేదీన శ్రీమతి ప్యో గుమ్సున్ గారు మా హాక్సాన్ ఆరోగ్య పరిశోధనాలయంలో రక్తపరీక్షల విభాగ సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. నెత్తురులో ఉన్నాయో లేవో అన్నంత కొద్దిగా ఉండే లోహాలను పట్టుకోవడం వారి విధి. గొట్టాలను ఒక రోజంతా ఆమ్లంలో నానబెట్టి, మూడుసార్లు కడిగితే గానీ వారు ముట్టుకోనిచ్చేవారు కారు. సూది ఉక్కు కలుస్తుందని తొలి చుక్కలు పారబోయించేవారు. వారి వేలికి పెళ్ళి ఉంగరం కూడా ఉండేది కాదు.

2007లో, లోహం కరిగించే ఫ్యాక్టరీ దిగువనున్న అన్మాల్ గ్రామంలో ఒకే వీధిలో ఐదుగురికి క్లోమ క్యాన్సర్ వచ్చింది. ఆ ఊళ్ళో రెండు వందల పన్నెండు మంది నెత్తురును గుమ్సున్ గారు పరీక్షించారు. జబ్బుపడినవారిలో కాడ్మియం మిగతావారికి రెట్టింపు, సెలీనియం తక్కువ. కాడ్మియమే జబ్బు తెచ్చిందని వారు ఏనాడూ అనలేదు. సంబంధం కనబడుతోందని, ఊరివాళ్ళకు చెప్పి తేలేదాకా వెతకాలని అన్నారు. అంతే.

ఆ పరీక్షలు జరుగుతున్న చలికాలంలో ఒక ఉదయం, అన్మాల్ నుంచి నెత్తురివ్వడానికి వచ్చిన తాక్ అవ్వ వారి చేతులు చూసి ఊరుకోలేకపోయింది.

"ఏంటే తల్లీ ఆ చేతులు, తీగమీద ఎండేసిన చేపల్లాగా!"

"వద్దవ్వా, పనిలో ఉన్నాను."

"నీ పని తగలెయ్య, ఇటు తే చెయ్యి!"

అవ్వ పులిమిన క్రీములో జింకు ఉంది. ఆ పూట తీసిన పద్దెనిమిది గొట్టాల్లో జింకు పెరిగింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. గుమ్సున్ గారు నివేదికలో రాశారు: "ఈ పద్దెనిమిదింటి జింకు ఫలితం నమ్మవద్దు. తప్పు నాది."

డైరెక్టరు గారికి అదే సాకుగా దొరికింది.

"తప్పని మీరే రాశారుగా మేడం. మొత్తం పక్కన పెట్టేద్దాం."

"తప్పు జింకుదండీ, కాడ్మియంది కాదు. ఆ క్రీము కూడా పరీక్షించాను, అందులో కాడ్మియం లేదు."

"జనానికి ఆ తేడా తెలుస్తుందా?"

"జనం సంగతి సరే. మీకు తెలుసు కదా."

నివేదిక బీరువాలోకి, గుమ్సున్ గారు గొట్టాలు కడిగే గదిలోకి పోయారు. పదిహేడేళ్ళు అక్కడే. ప్రతి శరత్కాలం తాక్ అవ్వ గేటు దగ్గరికొచ్చి "నా నెత్తురేమందే?" అని అడిగేది. ఫలితం బయటపెట్టనని డైరెక్టరు గారికి సంతకం చేసిచ్చిన గుమ్సున్ గారు తల దించుకునేవారు. అవ్వ క్లోమానికి జబ్బు చేసి పోయింది. ఇక్కడ పనిచేసే మనం అందరం చూశాం. ఒక్కరమూ నోరు విప్పలేదు. వారి సన్మానానికి వేస్తున్న ఈ సంచికకు మాత్రం నవ్వు మొహాల ఫోటోలు పంపాం.

గత నెలలో వారు ఆ సంతకాన్ని కాదని, ఎవరి ఫలితం వాళ్ళకు చేత్తో రాసి టపాలో వేశారు. నలభై ఒక్క ఉత్తరాలు "గ్రహీత మరణించారు" అన్న ముద్రతో తిరిగొచ్చాయి. సంస్థ విచారణ వేసింది. సన్మాన ఫలకం ఒక చేత్తో, తాఖీదు ఇంకో చేత్తో ఇస్తోంది.

గుమ్సున్ గారూ, విచారణ రోజున మీ గొంతు వణకకూడదు, మీ పక్క కుర్చీలు ఖాళీగా ఉండకూడదు. ఆ నలభై ఒక్కమంది బతకాల్సిన ఏళ్ళు కూడా మీరు ఆరోగ్యంగా బతకాలి. బతికి, అడుగుతూనే ఉండాలి.