పాఠం పక్కన జోతిలక్ష్మి రాసిన మాటలు

సభకు పెద్దగా కూర్చున్న లక్ష్మణసామి మామకు, విరుదునగర్ తెలుగు సంఘం పెద్దలకు, అరుప్పుకోట్టై నుంచి వచ్చిన బంధువులకు, వెనక వరుసల్లోని నా పాత విద్యార్థులకు నమస్కారం.

కాలేజీలో నిన్న వీడ్కోలు సభలో తమిళంలో మాట్లాడి వచ్చాను. ఇంటి మాటలో చెప్పవలసింది ఒకటి మిగిలింది. రేపటి నుంచి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టి వెళ్లే ఏడుంబావు బస్సు పట్టక్కర్లేదు. నా మొహంలో ఊరట దానికే అనుకుంటున్నారు. (నవ్వులు) దానికి కాదు.

కరోనా ఏడాది ఆర్థికశాస్త్రం ఆన్‌లైన్‌లో చెప్పాను. "సందేహాలున్నాయా?" అంటే ఎవరింటి మిక్సీ చప్పుడో వినిపించేది, అంతే. అప్పుడు ఇంటర్నెట్‌లో ఒక సదుపాయం దొరికింది. చదవదగ్గ లింకులన్నీ ఒకేచోట దాచుకుంటాం. ఒక వ్యాసాన్ని అందరం తెరిచి, అడగాలనిపించిన వాక్యానికి రంగు పూసి పక్కన రాస్తాం. దాని కింద మరొకరు జవాబిస్తారు. మొదట చేనేత మీద వ్యాసం పెట్టాను. నలభై మంది చదివారు. ఒక్కరూ రాయలేదు.

లాప్‌టాప్ తెరిచే ఉంచి భోజనానికి లేచాను. నా భార్య జోతిలక్ష్మి అరుప్పుకోట్టై మగ్గాల ఇంటి పిల్ల, చదివింది పదో తరగతి. దాని ముందు కూర్చుని, నా పేరు మీదే, మన తెలుగును తమిళ అక్షరాల్లో రాసేసింది: "ఇది రాసినాయన మగ్గం గుంతలో ఒక పూటన్నా కాలు పెట్టినాడా?"

కంగారుపడి చెరిపేయబోయాను. అప్పటికే కింద పదకొండు జవాబులు. సారే అలా అడిగితే మనకేం భయమనుకున్నారు పిల్లలు. మన తెలుగు ఇళ్ల పిల్లలు మిగతావాళ్లకు అర్థం చెప్పారు. ఉంచేశాను. అలా రెండేళ్లు ఆమె రాసింది, మెచ్చుకోలు నాకొచ్చింది. మామా, మీరూ మెచ్చుకున్నారు. (నవ్వులు)

మూడేళ్ల కిందట ఆమె పోయింది. ఆ పేజీ మళ్లీ తెరవలేదు.

పోయిన నెల కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. పదవీ విరమణతో నా ఖాతా మూస్తారు, అందులో రాసినవన్నీ పోతాయి. వాటిని దాచిపెట్టమని ఎవరినైనా అడగాలంటే అవి నా మాటలు కావని ఒప్పుకోవాలి. వారం ఊరుకున్నాను. చివరికి అప్పటి విద్యార్థిని, ఇప్పుడు మా శాఖలోనే పాఠం చెబుతున్న కలైసెల్విని అడిగాను.

"దీనికా సార్ ఇట్ల మొగం పెట్టుకున్నారు? అత్త రాసిందంతా ఎప్పుడో తీసి కొత్త గ్రూపులో పెట్టేస్తిమి."

"అత్త అని నీకెట్ల తెలుసు?"

"అయ్యో సార్! మీరెప్పుడన్నా అంత బాగా రాసినారా?" (చాలాసేపు నవ్వులు)

అక్కడ కూర్చుని తల దించుకోకమ్మా కలైసెల్వీ, నిజమే చెప్పావు.

తెరిచి చూశాను. ప్రతి మాట దగ్గరా నా పేరు తీసి జోతిలక్ష్మి అని పెట్టారు. ఆమె చివరి ప్రశ్నకు అప్పట్లో ఎవరూ జవాబివ్వలేదు, నేను కూడా: "పడుగు పోగు తెగితే అతికేది ఎవరు? వాళ్ల పేరు ఇందులో లేదే?" ఈ ఏడాది కలైసెల్వి తరగతిలో చేరిన మారీశ్వరి దాని కింద రాసింది: "మా అవ్వ."

ఆమెను చూడని పిల్ల ఆమెకు జవాబిచ్చింది. నా ఊరట అదీ.

మీరు కప్పిన శాలువా బాగుంది. ఆమె ఉంటే వెనక్కి తిప్పి నేత చూశాకే ఒప్పుకునేది. ఆమె తరఫున కూడా మీకు కృతజ్ఞతలు. సెలవు.