బాబాయ్ చెరగని సిరా

చేపల పరిశోధనశాల గేటుకి ఎదురుగా ఉన్న టీ కొట్టులో, అక్కడ అటెండరుగా పనిచేసే మైక్రోస్కోప్ బాబాయ్ గ్లాసు అందుకున్నాడంటే ఇక ఆపేవాడు లేడు. ఆ రోజు మాత్రం మాకు నవ్వు రాలేదు. లోపల మైక్రోస్కోపు కింద పెట్టే గాజుపలకలు కడిగే అక్క బెంచీ చివర ముడుచుకుని కూర్చుంది. ఇరవై పలకల మీద రాసిన పేర్లు చెరిగిపోయాయట, ఏది ఏ చేపదో తెలియడం లేదట, కడిగేది తనే కాబట్టి సాయంత్రంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే ఉద్యోగం పోతుందట.

"అసలా పలకలు తయారుచేసే పని ఎంత నాజూకో మీకేం తెలుసర్రా?" అని బాబాయ్ మొదలెట్టాడు. "పగడపు దిబ్బల్లో తిరిగే పసుపు చేపలు రెండు రకాలు, అచ్చం కవలల్లా ఉంటాయి, కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. పరిశోధన చేసే మేడమే తికమకపడిపోయి, 'బాబాయ్, ఇక నువ్వే దిక్కు' అంది."

"మేడం అందా?" అన్నాడు టీ కొట్టాయన, ఓరగా చూస్తూ.

"మరి? చేప కణాలు తీసి, మందులో నానబెట్టి, ఒక్క చుక్క పైనుంచి పలక మీద వదలాలి. కణం పగిలి క్రోమోజోములు విడివిడిగా పరుచుకోవాలి. అందరూ జానెడు ఎత్తు నుంచి వదుల్తారు. నేను స్టూలెక్కాను. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? డాబా ఎక్కాను!"

"మూడంతస్తుల మీంచి చుక్క పలక మీదే పడిందా?" అన్నాను నేను.

"గాలి ఎటు వీస్తోందో చూసుకుని మరీ వదిలాను. నడిమధ్యన టప్పున పడింది. క్రోమోజోములు ఎంతలా విచ్చుకున్నాయంటే, మైక్రోస్కోపు దేనికి, కళ్ళజోడు తీసేసి లెక్కపెట్టాను. ఇటు నలభై ఎనిమిది, అటు నలభై ఎనిమిది."

"రెండూ సమానమైతే ఇక తేడా ఏముంది?"

"అక్కడే ఉంది కిటుకు. లెక్క ఒకటే, ఆకారం వేరు. ఒక చేపవి కడ్డీల్లా ఉన్నాయి, రెండోదానివి కత్తెరల్లా కాళ్ళు చాపుకుని ఉన్నాయి. కింద వాచ్‌మన్ 'అయ్యో, పైనుంచి కత్తెరలు పడుతున్నాయి' అని గొడుగు తెరిచాడు! ఒక్క పూటలో ఇరవై పలకలు చేశాను."

"అంత తొందరలో ఏది ఏ చేపదో ఎలా గుర్తుపెట్టుకున్నారు బాబాయ్?" అంది అక్క. బాబాయ్ కథ మొదలెట్టాక ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"మంచి మాట అడిగావమ్మా. మిగతావాళ్ళు చిన్నపిల్లల్లా పెన్సిల్‌తో రాస్తారు. నేను రాస్తానా? ఇదిగో, మా మామగారు పెట్టిన బంగారు పాళీ పెన్ను. ఇరవైకి ఇరవై పలకల మీద ముత్యాల్లా రాశాను. సముద్రంలో ముంచినా చెరగదు ఈ సిరా!"

అక్క గ్లాసు కింద పెట్టింది.

"సముద్రం సంగతి నాకు తెలీదు. పేర్లు రాశాక పలకల్ని స్పిరిట్‌లో ముంచుతారు. అందులో పెన్సిల్ రాత నిలుస్తుంది గానీ సిరా నిలవదు. అందుకే కదా బల్లకి తాడు కట్టి మరీ పెన్సిల్ వేలాడదీశారు? పలకలు నా చేతికొచ్చేసరికే ఆ స్పిరిట్ నీలంగా ఉంది. ఎవరి పనా అని మూడు రోజులుగా ఒక్కొక్కరి మొహం చూస్తున్నాను."

బాబాయ్ గబుక్కున పెన్ను జేబులో పెట్టేశాడు. "అబ్బే, అవన్నీ కోతలేనమ్మా! డాబా లేదు, వాచ్‌మన్ లేడు, నేను పలక ముట్టుకుంటే ఒట్టు!"

"మరి పెన్ను?" అన్నాడు టీ కొట్టాయన.

బాబాయ్ జేబు గట్టిగా పట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ నమ్మమని మా ప్రాణం తీసినవాడు, నమ్మొద్దని బతిమాలడం అదే మొదటిసారి.

"లేవండి," అంది అక్క. "డాబా, కత్తెరలు మీ ఇష్టం. పెన్ను సంగతి మాత్రం ఒక్క ముక్క కూడా కలపకుండా మేడంకి చెప్పాలి."