రాకాసి బల్లితో ఒక షిఫ్టు

నిన్న పొద్దు షిఫ్టుకు మొగిలి రాలేదు. గని లోపల టబ్బుల్లో బొగ్గు నింపే పనికి మమ్మల్ని ఇద్దరిద్దరిని జోడీ కడతారు. ఒకడు నాగా పెడితే రెండోవాడి నడుం విరుగుతుంది. ఇంకోసారి నాగా పెడితే జోడీ మారుస్తానని వాడికి ముందే చెప్పి ఉన్నాను. గోదావరిఖనిలో ఫరీద్ చాయ్ హోటల్ దగ్గర ఇవాళ వాణ్ణి పట్టుకొని అడిగాను.

"నాగానా? నేనా? గంత మాట అనకు బిక్షం బావా. బాయి దిగిన, నీ దిక్కే వస్తున్న, బొగ్గు తీసేసిన పాత సందుల ఏదో గురక వినవడ్డది, ఎవడో పండుకున్నడు లేపుదామని పోయిన. గంతే."

"పోతే?" అన్నాడు మాతోపాటే టబ్బులు నింపే ఆగయ్య.

"మనిషి కాదు. రాకాసి బల్లి."

"గోదావరి అవతల కలకత్తా సార్లు తవ్వి బొక్కలు ఏరుతున్నరు, గా బల్లేనా?" అన్నాడు ఆగయ్య.

"వాళ్లకు బొక్కలే దొరికినయి అన్నా. నాకు మాంసంతోని దొరికింది. పెయ్యంత పచ్చటి తోలు, మెడ మీద ఎర్ర మచ్చలు, తోక ఇక్కడుంటె తలకాయ ఏడనో మందమర్రి ఊరి కింద ఉన్నది. జర భయమైంది, అబద్ధమెందుకు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? పైకప్పు పెళ్లుమన్నది! అది వీపు ఎత్తి ఆపింది. లేకుంటే బావా, నువ్వు ఇయ్యాల ఈ చాయ్ తాగెటోనివా?"

నేను ఇంకో గుక్క తాగాను.

"దానికి ఆకలైంది. ఒక టబ్బు బొగ్గు పెట్టిన, చాలలే, రైలు బండెడు పెట్టిన. తిన్నంక ఆవిరి ఇడిసింది సూడు! ఊకె పోతదని ముక్కుకు పైపు పెట్టి రామగుండం కరెంటు మిషన్‌కు తగిలించిన. షిఫ్టు అయ్యేదాక హైదరాబాద్ మొత్తం దాని ఊపిరి మీదనే వెలిగింది. నడుమ ఒకసారి బల్బులు మినుకుమన్నయట. తుమ్మింది."

రహమతుల్లా గ్లాసు కింద పెట్టాడు. బాయి దిగే ప్రతివాడికీ తలకు పెట్టుకునే బత్తి ఇచ్చేదీ, పైకొచ్చాక తిరిగి తీసుకునేదీ ఆయనే.

"మొగిలీ, నీ బత్తి నిన్న పొద్దంత చార్జింగు మీదనే ఉండె. గా చీకట్ల ఎర్ర మచ్చలు ఎట్ల కనవడ్డయి?"

మొగిలి తడుముకోలేదు. "దాని కండ్లే రెండు బత్తులు, భాయ్."

నేను లేచి తువ్వాల భుజాన వేసుకున్నాను.

"మంచిదే. బలమున్నది, వెలుగున్నది, కప్పు కూడ ఆపుతది. రేపటి సంది దాన్నే జోడీ కట్టుకో. నేను ఆగయ్యతోని పోత."

"బావా! అది జంతువు..."

"అయితేంది? నాగాలైతే పెట్టది."