తూముకు అడ్డం

వానలో తడిసి ఇల్లు చేరిన కోడలి తల తుడుస్తుంటే, అత్తగారి చేతికి తెల్లటి గింజ ఒకటి తగిలింది.

"ఇదేంటే?"

"మా ఫ్యాక్టరీ ప్లాస్టిక్ గింజ, అత్తయ్యా. వీటిని కరిగించి బకెట్లు చేస్తాం. ఇవాళ బస్తా పగిలి, గింజలన్నీ వాననీళ్ళతో తూము వైపు కొట్టుకుపోయాయి."

"ఆ తూము నీళ్ళు ఏట్లోకేగా పోయేది? చేపలు గుడ్లనుకుని మింగవూ?"

"అందుకే పని ఆపి, తూముకి అడ్డంగా కూర్చుండిపోయాను. సూపర్‌వైజర్ లెమ్మని ఒకటే కేకలు!"

"లేచావా?"

"గింజలన్నీ ఊడ్చి ఎత్తేదాకా కదిలితే ఒట్టు! చివరికి ఆయనే చీపురు పట్టాడు. రేపు తూములన్నిటికీ జల్లెడలు బిగిస్తారట."

అత్తగారు తువ్వాలు కోడలి చేతిలో పెట్టి గొడుగు అందుకుంది.

"ఈ వానలో ఎక్కడికత్తయ్యా?"

"పక్కింటావిడకి చెప్పొద్దూ, నా కోడలు ఏటికి కాపలా కాసిందని!"