ఊడొచ్చే అడాప్టర్

పలాసలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం. బల్ల మీద వెనక రేకు విప్పిన పాత కంప్యూటర్ ఉంది. సముద్రపు ఒడ్డు ఊరినుంచి వచ్చిన జాలరి జేబులోంచి, ఆటలాడే జాయ్‌స్టిక్‌ని కంప్యూటర్‌కి కలిపే అడాప్టర్ తీసి దాని పక్కన పెట్టాడు.

"మావా, ఈ పోర్టు వదులైపోనాది. అడాప్టర్ రోజూ పీకేత్తన్నావేటి?" అన్నాడు మెకానిక్.

"పీకి ఇంటికి ఒట్టుకెల్లిపోతాను. పడవ ఇంజినైనా అంతే కదా, ఒడ్డున వదిలీము."

"ఇంజిను వేరు. దీన్ని పోర్టుకే ఉంచీసి జాయ్‌స్టిక్ వైరొక్కటీ తియ్యి. అడాప్టర్ అరిగితే ఇంకోటి దొరుకుద్ది, ఈ పోర్టు దొరకదు."

"కంప్యూటర్ నా ఇంట్లో లేదు బాబూ. వాటాలేసుకున్నప్పుడు అది తమ్ముడికి పడింది, అడాప్టర్ నాకు పడింది."

"మరి ఆట ఆడేదెవులు?"

"ఇద్దరమూను. సాయంత్రం నాను ఇది ఒట్టుకెల్తాను, ఆడతాం, పీకి తెచ్చీసుకుంటాను. మా ఇద్దరికీ మాటల్లేవు."

"అయితే అక్కడే వదిలీరాదా?"

"వదిలేత్తే రేపు ఏటి సెప్పి ఎల్తాను?"

"సరే. పోర్టుకి ఒక పొట్టి వైరు ఎప్పటికీ ఉండిపోయేలా తగిలిత్తాను. నువ్వు పీకేది ఆ వైరు కొసన పీకు."

"తమ్ముడొప్పుకుంటాడా?"

"నిన్న కంప్యూటర్ తెచ్చినప్పుడు మీ తమ్ముడే సెప్పేడు, ఎందుకో నాకప్పుడు తెలీనేదు. పోర్టు బాగు సెయ్యి గానీ, అడాప్టర్ మాత్రం ఊడొచ్చేలాగే ఉంచమన్నాడు."